వెనకున్నవాళ్ళు అందుకుంటారా?

వెనక బెంచీలోంచి ఒక పొడుగాటి అబ్బాయి లేచి నిలబడేదాకా, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఆమె సెమినార్ హాయిగానే సాగింది.

పేద దేశాల్లో యంత్రాలు తక్కువ. కాబట్టి కొత్తగా వచ్చే ఒక్కో యంత్రంతో ఉత్పత్తి బాగా పెరుగుతుంది. సంపన్న దేశాల్లో అప్పటికే బోలెడున్నాయి, ఇంకొకటి చేరినా ఒరిగేది తక్కువ. అందుకే వెనకున్నవి వేగంగా పెరిగి ముందున్నవాటిని అందుకుంటాయి. ఇదీ ఆమె థీసిస్. కొన్నేళ్ళ కష్టం.

"మీ గ్రాఫ్‌లో ఉన్నవన్నీ ఇవాళ బాగుపడిన దేశాలే కదండీ," అన్నాడు అతను. డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన రీసెర్చర్. "బాగుపడనివాటిని వదిలేస్తే గ్రాఫ్ అందంగా రాక ఏమవుతుంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె మొహం కందగడ్డయింది.

బయట వాన. వరండాలో అతను ఎదురుపడ్డాడు.

"నలుగురిలో నా పరువు తీశారు!"

"పరువు జోలికి నేను పోలేదండీ. శాంపిల్ గురించే అడిగాను."

ఆమె వానలో తడుస్తూనే వెళ్ళిపోయింది.

గైడ్ మాత్రం అతని వైపే మాట్లాడాడు. "అన్ని దేశాలూ కలిపి మళ్ళీ చెయ్యమ్మా. అప్పుడే సంతకం."

మర్నాడు ఆమె అతని టేబుల్ ముందు ప్రత్యక్షమైంది. "ఈ తలనొప్పి మీరు తెచ్చిపెట్టిందే. కూర్చుని సాయం చెయ్యండి."

"ఆర్డరా?"

"ఆర్డరే."

అన్ని దేశాలూ కలిపారు. పేద దేశాల దగ్గర ఎత్తుగా మొదలై నిటారుగా దిగిన ఆమె గ్రాఫ్ గీత కాస్తా చదునైపోయింది. వెనకున్నవి చాలావరకు వెనకే ఉన్నాయి. ఆమె కళ్ళు నిండాయి. అతను జోకులు కట్టిపెట్టి పక్కన కూర్చున్నాడు. ఆ సాయంత్రమే ఆమెకి అతని మీద కోపం పోయింది.

వారం తిరక్కుండానే ఆమె ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచింది.

"అన్నిటినీ ఒకే గాటన కట్టేశామండీ! పొదుపు, చదువు, జనాభా పెరుగుదల ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపుగా తీసి చూద్దాం."

చూశారు. అలాంటివాటిలో పేద దేశాలే వేగంగా పెరుగుతున్నాయి!

"అందుకోవడం నిజమే. కాకపోతే ఊరికే అందుకోరు, బడులు కట్టుకోవాలి," అందామె గుక్కతిప్పుకోకుండా. "చూశావా?"

"చూశాను," అన్నాడతను, స్క్రీన్ వైపు కాదు, ఆమె వైపు చూస్తూ. "ఇప్పుడు నన్ను నువ్వన్నావు."

ఆమె నాలుక్కరుచుకుంది. దిద్దుకోలేదు మాత్రం.

వైవా రోజు ఆమె నాన్న వచ్చాడు. ప్రింటింగ్ ప్రెస్ నడిపే మనిషి, గొంతు పెద్దది. కూతురు డాక్టరయిందని తెలియగానే వరండా అంతా వినిపించేలా ఏడ్చేశాడు. అతను మంచినీళ్ళు తెచ్చిచ్చి, అదే ఊపులో అనేశాడు.

"అంకుల్, మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను."

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మాయి ఒప్పుకుందా?"

"ఇంకా అడగలేదండీ."

"మరి నన్నెందుకయ్యా అడుగుతావు? వెళ్ళి దాన్నడుగు!"

అతను వెనక్కి తిరిగాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది, నవ్వు ఆపుకోలేక.

"అడగక్కర్లేదు నాన్నా," అంది. "నేనెప్పుడో ఒప్పేసుకున్నాను."