జున్నుగాడి ఇంటిపేరు

సింగపూర్ ఆంగ్ మో కియోలో వాన కబురు పెట్టి రాదు. ల్యాప్‌టాప్ బ్యాగు నెత్తిన పెట్టుకుని అపార్ట్‌మెంట్ బ్లాకు కిందకి దూరిన గోపీకృష్ణ, కాళ్ళ దగ్గర తెల్లటిదేదో కదిలేసరికి సిమెంటు బల్ల మీదకి ఎగిరాడు.

“ఓరి నాయనో!”

“తెలుగా? దిగండి, కరవదు లా!” గొలుసు పట్టుకుని, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర ‘లా’ తగిలించిన ఆ అమ్మాయికి నవ్వాగడం లేదు. “మాల్టీస్. పేరు జున్ను. నా పేరు అనన్య.”

“మాల్టీస్ అంటే?”

“బ్రీడ్.”

“అది కాదండీ. ఆ మాటకి అర్థమేంది?”

ఇన్నాళ్ళు పెంచినా అనన్యకి ఆ సంగతే తోచలేదు. “కనుక్కుని చెప్పండి. అప్పటిదాకా బల్ల దిగొద్దు!”

మర్నాడు చెప్పాడు. మాల్టా అనే దీవిని బట్టి వచ్చిన పేరట. ఆ దీవికి పేరు తేనె వల్ల వచ్చిందని కొందరు, ఓడలు గాలివానకి తలదాచుకునే రేవు కనుక వచ్చిందని కొందరు. “పండితులే తేల్చుకోలేదంట.”

“ఆఫీసులో పనేం లేదా మీకు?”

“ఉండాది. మీరే చెయ్యనియ్యలే.”

ఇంక ఆ సాయంత్రాల గురించి చెప్పేదేముంది! వాన పడితే తడుస్తూ వచ్చాడు, పడకపోతే గొడుగు పట్టుకుని వచ్చాడు. కుక్కంటే భయం మాత్రం పోలేదు.

చిక్కల్లా అనన్య తండ్రి మధుసూదనరావు గారితోనే. ఊరు చూసి, ఇరుగుపొరుగుని అడిగి గానీ పిల్లనివ్వనని ఆయన పంతం. ఆ రోజుల్లో సింగపూర్‌లో రాయి విసిరితే ప్రోగ్రామర్‌కి తగిలేది. అందరూ ఉత్తములే, పెళ్ళయ్యేదాకా. ఆయన భయం ఆయనది.

పెళ్ళి మాట అడగడానికి ఆదివారం గోపీ రావు గారింటికి వెళ్ళాడు.

“ఇంటిపేరు?”

“నందిమడుగు, అంకుల్.”

“ఊరి పేరే కదా. ఎక్కడది? మా తమ్ముణ్ణి పంపిస్తాను.”

గోపీ కాఫీ కప్పు కింద పెట్టాడు. “ఆడికి ఎవరూ పోలేరు అంకుల్. శ్రీశైలం డ్యాం నీళ్ళ కింద ఉండాది. నా చిన్నప్పుడే మునిగింది. ఊరోళ్ళు తలా ఒక దిక్కు. మా యమ్మ కర్నూల్లో బాడుగింట్లో ఉంటాది.”

“అంటే చూద్దామంటే ఊరు లేదు, అడుగుదామంటే మనిషి లేడు.” రావు గారు లేచారు. “ఏం చూసి ఇవ్వమంటావయ్యా?”

అనన్య ఊరుకోలేదు.

“డాడీ, జున్నుని తెచ్చేముందు మాల్టా వెళ్ళి ఎంక్వయిరీ చేశారా?”

“అది కుక్కమ్మా!”

“దాని ఇంటిపేరూ ఊరిదే కదా. అదెప్పుడైనా మాల్టా చూసిందా? అది పుట్టింది ఇక్కడే, పాసిర్ రిస్‌లో లా! పోనీ, మన ఇంటిపేరు ఊరు మీరు చూశారా?”

ఆ ఊరెక్కడుందో రావు గారి తాతకే తెలీదు.

అప్పుడే ఫెళ్ళున ఉరిమింది. ఉరిమితే జున్ను ఎప్పుడూ రావు గారి కుర్చీ కిందకే దూరుతుంది. ఈసారి కుర్చీ దాటి ఒక్క గెంతులో గోపీ ఒళ్ళో పడింది. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని, వణికే చేతుల్తోనే దాన్ని పొదువుకున్నాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ వణుకుతున్నారో తెలియడం లేదు.

రావు గారు వాళ్ళిద్దర్నీ చూసి, మళ్ళీ కూర్చున్నారు.

“ఆ డ్యాం దగ్గర... ఏమైనా కనిపిస్తుందా?”

“ఎండాకాలం నీళ్ళు తగ్గితే మా ఇంటి మొండిగోడ తేల్తాది అంకుల్.”

“అయితే ఎండాకాలం వస్తాం. అమ్మగారికి చెప్పు. ఆ గోడ దగ్గరే తాంబూలాలు పుచ్చుకుందాం.”

“ఎండాకాలం దాకానా?” అంది అనన్య. “అంత లేటెందుకు లా, డాడీ!”