మొదటి మేకుకున్న తాళంచెవి

బెరిల్ పొద్దున్నే టీ పెట్టి, పిండిలో కూరు పెట్టి కాల్చే ‘పై’ చేద్దామని పిండి డబ్బా దించింది. యార్క్‌షైర్‌లోని ఆ చిన్న పబ్బుకు ముప్ఫయ్యేళ్లుగా ఆవిడే యజమాని. కళ్లు మసకబారాయి కాబట్టి ఇక మద్యం అమ్మే లైసెన్సు కోడలు నోరా తీసుకోవాలి. నోరా పరీక్ష పాసయింది. ఇంకా పోలీసు రికార్డుల పత్రం కావాలి. అది నెల దాటితే చెల్లదు.

"కాగితం రాలేదా అమ్మాయ్?"

"రాలేదత్తయ్యా."

"మరి పిండిలో ఇదేమిటే? ‘పై’తోపాటు దీన్నీ కాల్చేద్దామనా?"

బెరిల్ చేతిలో విప్పని కవరు! నోరా పైప్రాణాలు పైనే పోయాయి. మూడు వారాల క్రితం దాన్ని అక్కడ దాచింది తనే.

"విప్పకండి! పంతొమ్మిదేళ్లప్పుడు తాగి కారు నడిపి గోడను గుద్దాను. కోర్టు శిక్ష వేసింది. మీ అబ్బాయి గ్రాహమ్‌కీ చెప్పలేదు." నోరా కవరు లాక్కోబోయింది. "తాగినవాళ్ల కారు తాళాలు లాక్కుని మేకులకు తగిలించే మనిషి మీరు. నన్ను ఇంట్లో ఉండనిస్తారా?"

బెరిల్ వెన్న కత్తితో కవరు కోసి చాచింది. "చదువు."

"మీరే చదవండి."

"నాకు కనబడితే ఈ గొడవంతా ఎందుకే!"

నోరాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. రెండుసార్లు చదివింది. "నమోదైన నేరాలు... లేవు."

"ఇరవయ్యేళ్ల నాటివి ఇందులో రాయరు. పాఠంలో చెప్పలేదా?"

"చెప్పారు. అయినా భయమేసింది."

"వేస్తుంది." బెరిల్ వంటింట్లోంచి బార్ వెనక్కి వెళ్లి, మొదటి మేకుకున్న తుప్పుపట్టిన తాళంచెవిని తడిమింది. దాన్ని ఎవరూ తీసుకెళ్లగా నోరా చూడలేదు. "ఎవరిదనుకున్నావు?"

"చనిపోయినవాళ్లెవరిదో..."

"నాది. డెబ్బై తొమ్మిదిలో తాగి నడిపాను. నేను గుద్దింది గోడను కాదు, మనిషిని. బతికాడు కానీ చివరిదాకా కుంటుతూనే నడిచాడు." ఆవిడ తాళంచెవి మీది తుప్పును వేలితో రుద్దింది. "పెళ్లై వచ్చిన నాటినుంచి నువ్వు ఒక్కసారీ స్టీరింగు ముట్టలేదు. అప్పుడే అనుకున్నాను, ఇది నాలాంటిదేనని. నువ్వే చెప్తావని పన్నెండేళ్లు చూశానే."

నోరా అత్త భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నేళ్లూ ఎవరికి భయపడిందో ఆవిడే ఇప్పుడు వీపు నిమురుతోంది.

"ఏడుపు బస్సులో ఏడుద్దువుగాని, కోటు వేసుకో. లైసెన్సిచ్చే కౌన్సిల్ ఆఫీసు చాలా దూరం, మనిద్దరం కారు నడపం."

నోరా పత్రానికంటిన పిండి దులిపి సంచిలో పెట్టుకుంది. అత్త చెయ్యి పట్టుకుని బస్సు కోసం పరుగు తీసింది.