ఆపడం మరిచిపోయిన వీడియో

“పాఠం ఇంటిదగ్గర వీడియోలో వింటారు, లెక్కలు క్లాసులో చేస్తారు! మరి మీరేం చేస్తారు మేడమ్, అటెండెన్స్ తీసుకుంటారా?”

స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ లెక్కల లెక్చరర్ అన్న మొదటి మాట అది. కొత్తగా చేరిన ఫిజిక్స్ లెక్చరర్‌కు ఒళ్లు మండింది.

“చూస్తారుగా!” అంది.

చూడ్డానికేమీ లేకపోయింది. పిల్లలు వీడియోలు సగంలోనే ఆపేసి, తెల్లమొహాలు వేసుకుని క్లాసుకొచ్చేవారు. “శుక్రవారం నేనే వచ్చి కూర్చుంటానమ్మా. పిల్లలు లెక్కలు చెయ్యలేకపోతే మళ్లీ పాత పద్ధతే,” అని ప్రిన్సిపాల్ తేల్చేశారు.

ఆమె పట్టు వదల్లేదు. ఆ సాయంత్రమే ఖాళీ ల్యాబ్‌లో ఫోను నిలబెట్టి, ఘర్షణ పాఠం మళ్లీ మొదలుపెట్టింది. గుమ్మంలోంచి చూస్తున్న లెక్కల లెక్చరర్ ఉండబట్టలేక లోపలికొచ్చాడు.

“గోడకి చెప్పినట్టు చెబితే ఎవరు చూస్తారండీ? నాకు చెప్పండి. పెట్టె కదలడానికి అంత బలం ఎందుకు? కదిలాక తేలికెందుకు?”

అడిగిందే అడిగి ప్రాణం తీశాడు. ఆమె కూడా తగ్గలేదు. బల్లమీద పెట్టెను అతని చేతే తోయించి, కోపంలో అద్భుతంగా చెప్పింది.

“అయిపోయింది. థాంక్స్. రేపట్నించి మళ్లీ వెక్కిరించుకోండి.”

“వెక్కిరించకపోతే నాతో మాట్లాడరుగా! మీరంటే నాకిష్టమండీ. నన్ను పెళ్లి చేసుకుంటారా?”

ఆమె ఫోను లాక్కుని, వీడియోను క్లాసు గ్రూపులో పడేసి వెళ్లిపోయింది. అతనంటే తనకూ ఇష్టమే. కానీ ఈ గండం గట్టెక్కేదాకా వేరే ఆలోచన పెట్టుకోకూడదనుకుంది.

శుక్రవారం ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చున్నారు. ఆమె లెక్కలిచ్చింది. పిల్లలు గబగబా చేసేశారు. తడబడినవాళ్లకు పక్కవాళ్లే చెప్పారు. ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది.

“ఏమైనా డౌట్లున్నాయా?”

చేతులన్నీ లేచాయి.

“మేడమ్, వీడియో ఆఖర్లో సార్ అడిగినదానికి మీరు ఆన్సర్ చెప్పలేదు!” అంది ముందు బెంచీ అమ్మాయి.

పాఠం అయిన వెంటనే రికార్డింగ్ ఆపలేదని, అతనడిగిందీ అందులో పడిందని అప్పుడు తెలిసింది ఆమెకు. మొహం కందగడ్డయింది.

“నేనూ ఆ గ్రూపులోనే ఉన్నానమ్మా,” ప్రిన్సిపాల్ దగ్గారు. “మీ పద్ధతి కానివ్వండి.”

పిల్లల గోలకు పక్క క్లాసులోంచి పరుగెత్తుకొచ్చిన అతను, సంగతి తెలిసి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

“సారీ మేడమ్...”

ఆమె తలెత్తి సూటిగా చూసింది.

“పాఠం వీడియోలోనే అర్థమైంది సార్. నాకే డౌట్లూ లేవు. ఆదివారం మా ఇంటికి రండి. అమ్మకీ నాన్నకీ బోలెడున్నాయి.”