పదకొండో నియమం

ఆదివారం పొద్దున దండెం మీద నీలం కోటు వేలాడుతోంది. ఆస్పత్రిలో వార్డులు కడిగే ఆడవాళ్లు వేసుకునే కోటు. దాని ఎడమ చెయ్యి మీద గోధుమరంగు మరక. వారం నుంచీ కోడలు దాన్ని సబ్బుతో, నిమ్మచెక్కతో, చివరికి మామగారి డబ్బాలోని టర్పెంటైన్‌తో కూడా రుద్దింది. మరక పలచబడింది గానీ పోలేదు.

మామగారు వంటగది గడప దగ్గర పీట వేసుకుని టీ తాగుతున్నాడు. ఆ చుట్టుపక్కల సగం దుకాణాల బోర్డులు ఆయన రాసినవే. చదివింది మూడో క్లాసు. అక్షరం మాత్రం ముత్యంలా దించుతాడు. మాటకొస్తే పిసినారి. అందుకే అందరూ ఆయన్ని మూగ మేస్త్రి అంటారు.

"మామయ్యా, ఇంకొంచెం టర్పెంటైన్ ఉందా?"

"నెత్తురు మరక దానికి లొంగదమ్మాయ్."

"మరి దేనికి లొంగుతుంది?"

"చన్నీళ్లకి. అదీ పచ్చిగా ఉన్నప్పుడే."

"పచ్చిగా ఉన్నప్పుడు నా చెయ్యి ఖాళీగా ఉందా ఏంటి?" అంటూ కోటు దులిపింది కోడలు.

నిజమే, ఖాళీగా లేదు. పోయిన ఆదివారం ఆమె డ్యూటీ దిగి బయల్దేరబోతుంటే మూడో వార్డులో ఒక ముసలమ్మ కొంగు పట్టుకున్నట్టు కోటు పట్టుకుంది. ఆ ముసలమ్మకి నా అన్నవాళ్లు లేరు. దగ్గినప్పుడల్లా నెత్తురు. "పోకమ్మా" అంది, అంతే. కోడలు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. గంటన్నర తర్వాత ఆ చెయ్యి చల్లబడ్డాక లేచి, బట్టలు మార్చుకోవడానికి కూడా ఆగకుండా మందిరానికి పరుగెత్తింది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచుకునే ఆరాధన తప్పకూడదని.

మందిరంలో తెల్లబట్టల మధ్య నీలం కోటు. రొట్టె పళ్లెం వరసలో ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది. ఆమె దగ్గర ఆగలేదు. సంఘం నడిపే పెద్దయ్యగారు కనుసైగ చేశారు, పళ్లెం ఆమెని దాటి పక్కావిడకి పోయింది. చాచిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మూగ మేస్త్రి వెనక బెంచీ మీద నుంచి అదంతా చూశాడు. చూసి, నేల వైపు తల దించుకున్నాడు.

ఆ తల దించుకోవడమే వారం నుంచీ ఆయన గొంతులో ముల్లయి కూర్చుంది.

కొడుకు గదిలోంచి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో మడత పెట్టిన కాగితం. సంఘానికి కార్యదర్శి అతను.

"ఇదిగో, రాశాను. నాలుగు ముక్కలు. నిలబడి చదివెయ్, అయిపోతుంది."

కోడలు కాగితం విప్పింది. "'అపవిత్ర వస్త్రముతో పరిశుద్ధ స్థలమున ప్రవేశించితిని.' బాగుందండీ. ఇలాంటి భాష నాకొచ్చని ఎవరైనా నమ్ముతారా?"

"వేళాకోళం ఆపు. ఇవ్వాళ ఒప్పుకోకపోతే పేరు కొట్టేస్తామన్నారు పెద్దయ్యగారు. పెళ్లాన్ని అదుపులో పెట్టుకోలేనివాడు లెటర్లు ఏం రాస్తాడని నన్నూ అంటున్నారు."

"అంటే బాధ నా పేరుకా, మీ పదవికా?"

"గోరుతో పోయేదాన్ని గొడ్డలిదాకా తేకు! తప్పయిందని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోతుంది?"

"ఆ ముసలమ్మ చెయ్యి పట్టుకోవడం తప్పని రాయండి. అందరి ముందూ చదువుతాను."

"చెయ్యి మాట ఎవరన్నారు? బట్టల మాట కదా!"

"రెండూ ఒకటేనండీ. ఆ చెయ్యి పట్టుకుంటే ఈ మరకైంది." ఆమె దండెం మీది కోటు వైపు చూపించింది. "యేసయ్య శిష్యుల కాళ్లు కడిగినప్పుడు నడుముకి తువ్వాలు కట్టుకున్నాడుగా? అది పనోళ్ల గుడ్డే. దానికి మట్టి అంటలేదా? అప్పుడు ఆయన్నీ బయట నిలబెట్టేవారా మీరు?"

కొడుకు తండ్రి వైపు తిరిగాడు.

"నాన్నా! గోడలా కూర్చుంటావేంటి? నువ్వైనా చెప్పు. మందిరంలో నియమాల బోర్డు రాసింది నీ చేత్తోనే కదా! పదకొండోది ఏముంది అందులో?"

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. ఏముందో ఆయనకి తెలుసు. ఎందుకుందో కూడా తెలుసు. అది తెలిసినవాళ్లు ఇద్దరే, ఆయనా పెద్దయ్యగారూ.

లేచి తన గదిలోకి పోయాడు.

"చూశావా, నాన్నకి కూడా నచ్చలేదు" అన్నాడు కొడుకు.

కోడలు కాగితాన్ని పొయ్యి పక్కన పెట్టి, దండెం మీది నీలం కోటు తీసి తొడుక్కుంది. ఒక్కొక్క బొత్తామూ పైదాకా పెట్టుకుంది.

"ఏయ్, ఏంటది?"

"పేరు కొట్టేయాలంటే కొట్టెయ్యనివ్వండి. ఎవరి పేరు కొడుతున్నారో సరిగ్గా చూసి కొడతారు."

మందిరం దాకా ముగ్గురూ నడిచారు గానీ ఎవరి నడక వారిదే. మేస్త్రి చేతిలో పాత గుడ్డసంచి ఉంది. అందులో ఏముందని ఎవరూ అడగలేదు.

పాటలయ్యాయి. బల్ల మీద రొట్టె, పళ్లెం సిద్ధంగా ఉన్నాయి. పెద్దయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"సంఘం ముందు ఒకావిడ ఒప్పుకోవాల్సింది ఉంది. ఒప్పుకోకపోగా మళ్లీ అదే కోటుతో వచ్చింది. అమ్మా, లే. గోడ మీద పదకొండోది పైకి చదువు."

కోడలు లేచింది. గోడకున్న నల్లటి బోర్డు మీద తెల్లటి అక్షరాలు మెరుస్తున్నాయి. ఆమె పెదవులు కదిలేలోపే వెనక బెంచీ కిర్రుమంది.

"నేను చదువుతా" అన్నాడు మూగ మేస్త్రి.

ఆ గొంతు విని సగం మంది వెనక్కి తిరిగారు. ఆ మనిషికి గొంతుందని పిల్లలకి అప్పుడే తెలిసింది. ఆయన నడవా వెంట ముందుకొచ్చి బోర్డు కింద నిలబడ్డాడు.

"'ఆరాధనకు తెల్లని వస్త్రములు తప్ప ధరించరాదు.' నేను రాసిందే. అయ్యగారూ, ఇది ఎలా పుట్టిందో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

పెద్దయ్యగారి ముఖం బిగుసుకుంది. "పెద్దాయనా, కూర్చోండి. ఇది సంఘం తీర్మానం."

"సంఘం ఎక్కడుందండీ ఆ రోజు? మీరూ, నేనూ, ఒక రంగు డబ్బా." మేస్త్రి జనం వైపు తిరిగాడు. వేలు మాత్రం పెద్దయ్యగారి వైపే చూపించాడు. "మీరు పది రాసిచ్చారు. వడ్రంగి కొలత తప్పి చెక్క ఒక జానెడు పొడుగు చేశాడు. పదీ రాశాక కింద ఖాళీ మిగిలింది. 'బోడిగా ఉంది మేస్త్రీ, ఇంకోటి పడెయ్' అన్నారు. ఏం రాయమంటారంటే, మీరేమో బుర్ర గోక్కున్నారు. డబ్బాలో తెల్లరంగు మిగిలింది, తెల్లబట్టలని రాద్దామా అన్నాను. నవ్వులాటకే అన్నాను. మీరూ నవ్వారు. అవునా కాదా?"

 పెద్దయ్యగారు కాదనలేదు. అవుననలేదు.

"జానెడు చెక్క నిండటానికి రాసిన ముక్క ఇది. పన్నెండేళ్లుగా ఇది దేవుడి మాటంటూ మీరు జనాన్ని దండించారు, నేను నోరు మూసుకున్నాను. దీని పేరు చెప్పి ఎంతమందిని గుమ్మం బయట నిలబెట్టామో! పోయిన వారం చావబోయే మనిషి చెయ్యి వదలని పిల్లని నా కళ్ల ముందే దాటించి పళ్లెం పంపేశారు. నేను నేల చూశాను. పాపం ఒప్పుకోవాల్సింది ఆ పిల్ల కాదు. నేను."

సంచిలోంచి నల్లరంగు డబ్బా తీశాడు. మూత ఊడదీశాడు. వెడల్పాటి బ్రష్ ముంచాడు.

"ఆగండి! ఆదివారం పని! బోర్డు మీద నాలుగోది చూడండి!" పెద్దయ్యగారు కేకేశారు.

"అదీ తప్పుతున్నాను, రాసుకోండి." బ్రష్ చెక్క మీద ఆనింది. "సిలువ మీద ఉన్న రోజు ఆయన ఒంటి మీద తెల్లబట్ట ఉందా అయ్యగారూ? నెత్తురే ఉంది. ఈ పిల్ల కోటు మీద ఉన్నట్టు."

ఎడమ నుంచి కుడికి ఒక్క లాగు, మళ్లీ ఒక్క లాగు. ముత్యాల్లాంటి అక్షరాలు ఒక్కొక్కటీ మునిగిపోయాయి. ఆయన తెల్లచొక్కా గుండె మీద రెండు నల్ల చుక్కలు పడ్డాయి.

"మీ పేరు కూడా కొట్టేయాల్సొస్తుంది" అన్నారు పెద్దయ్యగారు.

"కొట్టేయండి. రంగు కావాలంటే డబ్బా ఇక్కడే ఉంచుతా."

ఎవరో పిల్ల కిసుక్కుమంది. వాళ్లమ్మ నోరు మూసింది గానీ తనూ నవ్వు ఆపుకుంటోంది.

కొడుకు ఇంతవరకూ స్తంభం పక్కన రాయిలా నిలబడి ఉన్నాడు. తండ్రి ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అతను పుట్టి బుద్ధెరిగాక విన్లేదు. తండ్రి చేతిలోని బ్రష్‌నీ, భార్య కోటు మీది మరకనీ మార్చి మార్చి చూశాడు. వారం నుంచీ ఆ మరక చూసి సిగ్గుపడ్డాడు తప్ప, అది ఎవరి నెత్తురని ఒక్కసారీ అడగలేదు. ఆ ముసలమ్మ పేరైనా అడగలేదు.

నడిచి వెళ్లి బల్ల మీది పళ్లెం అందుకున్నాడు.

"కార్యదర్శిగారూ!" అన్నారు పెద్దయ్యగారు.

అతను ఆగలేదు. పళ్లెం తెచ్చి నీలం కోటు ముందు నిలబడ్డాడు. 

ఆమె వెంటనే అందుకోలేదు. "ముందు చెప్పండి. నేను తప్పు చేశానా?"

"లేదు." అతని కళ్లు నిండిపోయాయి. "నేను చేశాను. దాటిపోయిన పళ్లేన్ని వెనక్కి పిలవాల్సింది. నీకంటే కుర్చీయే ఎక్కువైంది నాకు."

అప్పుడు ఆమె చెయ్యి చాచింది. ఈసారి ఆ చెయ్యి గాల్లో ఉండిపోలేదు. రొట్టెముక్క నోట్లో పెట్టుకుని మొహం కప్పుకుని ఏడ్చింది. పక్క బెంచీ ఆవిడ, పోయినసారి పళ్లెం అందుకున్నావిడే, జరిగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పెద్దయ్యగారు పుస్తకం మూసి కూర్చున్నారు. ఆ రోజు ప్రసంగం లేదు.

ఇంటికొచ్చేప్పుడు ముగ్గురూ ఒకే నడక నడిచారు.

గుమ్మంలోకి వస్తూనే కోడలు మామగారి చొక్కా చూసింది. "విప్పండి మామయ్యా, రంగు ఆరకముందే టర్పెంటైన్ పెడతాను. మీ మరక లొంగుతుందిగా."

మేస్త్రి ఆ రెండు చుక్కల మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"ఉండనీ అమ్మాయ్. వచ్చే ఆదివారం ఇదే వేసుకొస్తా."