చేను చుట్టూ చీరలు

పల్సానా డైయింగ్ మిల్లు గోడౌన్లో, లోపాలున్న సెకండ్స్ చీరల మూటల మధ్య, భీమశంకరం శవం దొరికింది. పంట తెగుళ్ల మీద గూఢచారి ఏజెన్సీకి ఉన్న ఒకే ఒక్క నిపుణుడు. మెడ మీద సూది గుర్తు. గుప్పిట్లో చీర కొంగు, దానికి బూడిదరంగు పొడి.

"పత్తికొచ్చే ఆకుమచ్చ తెగులు. కొత్త రకం, మన మందులకు లొంగదు," ఫోన్లో చీఫ్ వసంతలక్ష్మి అంది. "విదేశీ ముఠా. తెగులు తెచ్చేదీ వాళ్లే, రేపు మందు అమ్మేదీ వాళ్లే. కానీ రఘుపతీ, చీరలకెందుకు చల్లారు?"

ఢిల్లీ ఏసీ గదుల్లో దీనికి జవాబు దొరకదు లెండి. ఏజెంట్ రఘుపతికి మాత్రం వెంటనే తట్టింది. అతనిది ఆదిలాబాద్ పల్లె. అడవిపందులు రాకుండా అక్కడ చేను చుట్టూ పాత చీరలు కడతారు. అమ్మ పోయిన ఏడాది నాన్న ఆమె చీరలే కట్టాడు. మసక వెలుతురులో అవి కదిలితే, అమ్మే కాపలా తిరుగుతోందనుకుని రఘుపతి పిలిచేవాడు. ఆ ఏడే ఆకులకు మచ్చలొచ్చి చేనంతా మోడైంది. ఇప్పటికీ ఎక్కడ చీర ఆరేసినా అతను అటు చూడలేడు.

మగ్గం కార్మికుడి వేషంలో రింగ్ రోడ్ చీరల మార్కెట్లో ఒక షాపు మెట్లెక్కాడు. గల్లా దగ్గర నల్లద్దాలు, పట్టుచీరతో హరిణి. ముఠా జీతం, ఏజెన్సీ జీతం, రెండూ తీసుకునే మహాతల్లి.

"మీ దిక్కు పందులెక్కువనా?"

"చీర కడితే రావు."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "మూటలు చవగ్గా వడోద్‌లో ఉండే మీ దిక్కు వలస జనానికి అమ్మేశారు. ఈ సాయంత్రమే బస్సు. ఊళ్లో వాన పడితే చాలు, తెగులు ఆకులకెక్కుతుంది. పొడిలో బట్టకు మెరుపునిచ్చే మందు కలిపాను. ఈ యూవీ టార్చ్ వేసి చూడు."

"భీమశంకరాన్ని చంపిందెవరు?"

"బస్సు డ్రైవర్."

వడోద్‌లో కరీంనగర్ బస్సు ఇంజన్ స్టార్టయింది. రఘుపతి టార్చ్ వేశాడు. టాపు మీద మూటలన్నీ నీలంగా వెలిగాయి. బస్సు కదిలింది. ఉరికి ఫుట్‌బోర్డు పట్టుకున్నాడు. ముందు సీట్లో హరిణి. ఆమె పిస్టల్ గురి అతని నుదుటికే ఉంది. అయిపోయాననుకున్నాడు. పిస్టల్ మెల్లగా జరిగి డ్రైవర్ చెవికి ఆనింది. బస్సు ఆగింది.

డ్రైవర్‌కు బేడీలు పడ్డాయి. అసలు చిక్కు వెంకటవ్వ. మిల్లులో పనిచేసే కొడుకును చూసి ఊరికి పోతున్న ఆ ముసలామె మూట వదలదు.

"ఏంది నీ జబర్దస్తీ? పందులు పడితే నా చేను నువ్వు కాస్తవా?"

"అవ్వా, ఈ చీరలల్ల పత్తిని సంపే రోగముంది. మా చేను గిట్లనే పోయింది. మా అమ్మ చీరలు మోడు చుట్టూ ఊగుతుంటే చూసిన. నువ్వు సూడొద్దు."

వెంకటవ్వ అతని ముఖంలోకి చూసింది. ఏమనుకుందో, మూట కిందికి జార్చింది. "తీస్కపో బిడ్డా. కానీ వేరేవి ఇప్పియ్యి."

మూటలన్నీ తెగులు చచ్చేదాకా మిల్లు స్టీమర్ ఆవిరిలో ఉడికాయి. బదులు చీరలకు సీక్రెట్ ఫండ్ నుంచి బిల్లు పాసైంది.

ఆ వానాకాలం వెంకటవ్వ చేను చుట్టూ కాపలా నిలబడింది భారత గూఢచారి సంస్థే. ఆ సంగతి పందులకు చెప్పకూడదని ఏజెన్సీ ఆర్డరు.