యురేనియం గుండ్రంగా ఉండదు

"భానూ, ఏందా మొకం? సెమినార్ నాదా, నీదా?"

క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుంటూ కీర్తన నవ్వింది. బయట వరంగల్‌ను ముంచేస్తున్న వాన. గంటలో ఆమె పీహెచ్‌డీ సెమినార్.

"జర ఆగు. ఒకటి చెప్పాలె."

"లవ్ లెటరైతే సెమినార్ అయినంక ఇయ్యి."

"నీ లెక్క తప్పు, కీర్తనా."

నవ్వు ఆగిపోయింది.

రెండు యురేనియం కేంద్రకాలు మహా వేగంతో గుద్దుకుంటే కణాలు ఎటు ఎగురుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె పని. ఏడాది చాకిరీ. ఆ లెక్కలోకి వెళ్లే కేంద్రకం వివరాల ఫైలు నేనిచ్చిందే, సీసం కోసం రాసుకున్నది. సీసం కేంద్రకం గుండ్రం. మా ల్యాబులో అందరూ చేసేదే నేనూ చేశాను: పాత ఫైలు కాపీ కొట్టి, పేరూ బరువూ మార్చాను. ఆకారం దగ్గర గుండ్రమని చెప్పే సున్నా అలాగే ఉండిపోయింది. ఎవడూ సరిచూడడు. దీన్నే పరిశోధన అంటున్నాం!

ప్లేట్లోని ఉడికిన గుడ్లు రెండు ఎదురెదురుగా పట్టుకున్నాను.

"యురేనియం గిట్ల కోలగ ఉంటది. మొనలు తాకితే ఒక తీరు, పక్కలు తాకితే ఇంకో తీరు. పక్కలు నిండుగ గుద్దుకున్నా కణాలు అన్ని దిక్కులకు సమానంగ పోవు. నీ గ్రాఫుల అది లేదు. గుండ్రంగ పెట్టినం గదా."

"పెట్టినం గాదు, పెట్టినవ్. ఎప్పుడు జూసినవ్?"

"నిన్న. చెప్తె మాట్లాడవని భయమైంది."

"ఇప్పుడు మాట్లాడ్తననుకున్నవా?"

వెళ్లిపోయింది.

సెమినార్ హాల్లో చివరి వరసలో నక్కాను. పిరికివాళ్ల చోటు అదే.

"సర్, నా రిజల్ట్స్ తప్పు," అంది కీర్తన మొదటి మాటగా. "యురేనియం ఆకారం పెట్టలేదు."

గైడు వెంకటేశ్వర్లు సారు ముఖం మాడిపోయింది. "ఫైలు ఎవరిది?"

ఆమె తలొంచుకుని కాగితాలు సర్దుకుంది. నావైపు కన్నెత్తి కూడా చూడలేదు. లేచాను.

"నాది సార్. తప్పు నాదే."

"రెండు నెలలు," అన్నారు సారు. "ఇద్దరు కూసొని మల్ల చెయ్యుండ్రి. లేకుంటే ఇద్దరి రిజిస్ట్రేషన్లు పోతయ్."

వరండాలో కీర్తన పట్టుకుంది నన్ను. "ఇంకేమన్న దాస్తానవా?"

"ఒకటుంది... నువ్వంటే నాకు..."

"గది దాసుడా? ల్యాబంతకు ఎరుకే. నువ్వు లేవవనుకున్న భానూ. లేవకుంటే నీ దిక్కు మల్ల సూడొద్దనుకున్న. పానం పోయింది నాకు."

నా చేయి పట్టుకుంది. అలాగే ల్యాబు వైపు లాక్కెళ్లింది, ఆ సున్నా మార్చడానికి.