జోడీలు మార్చని క్లాసు

బట్టల మిషను పని ముగించి చాలాసేపటి నుంచి కూస్తోంది. అత్తగారు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కోడలు వచ్చి స్విచ్ ఆపింది.

"వినబడలేదా అత్తయ్యా?"

"వినబడింది."

ఒక్క మాట, అంతే. ఈమధ్య ఆవిడ మాటలన్నీ అలాగే ఉంటున్నాయి. టైలరు కొట్టు మీదున్న హాల్లో ముప్పై ఏళ్లపాటు ఆవిడా, భర్తా కలిసి జంటలుగా వేసే స్వింగ్ డాన్స్ నేర్పారు. ఆయన నడిపేవారు, ఆవిడ ఆ నడకను అందుకునేవారు. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆవిడ ఏడవలేదు. వారానికి మూడు సాయంత్రాలు మేడెక్కి, పాట పెట్టి, లెక్క చెప్పి, లైట్లు ఆర్పి దిగి వస్తున్నారు.

"శుక్రవారం హాలు తాళాలు ఓనరుకి ఇచ్చేస్తున్నా" అన్నారు తడిబట్టలు బుట్టలోకి తీస్తూ.

"నాతో ఒక్క మాటైనా అనకుండానా?"

"నీకెందుకు? నువ్వు పళ్ల క్లినిక్కులో కూర్చుంటావు."

"కూర్చోవడం లేదు. నిన్న మానేశాను. మీతో కలిసి నేర్పుదామని."

ఆవిడ చేతిలో చొక్కా ఆగింది. "మావాడికి తెలుసా?"

"తెలుసు. మా అమ్మకి నువ్వే చెప్పుకో అని పొద్దున్నే ఆఫీసుకి జారుకున్నాడు."

"పుట్టిన దగ్గర్నుంచీ వాడంతే. అయినా నేర్పడానికి నీకేం వచ్చని?"

"నాకేం వచ్చో తర్వాత చూద్దురుగాని. ముందు మీరు 'మారండి' అని ఎందుకు అనడం లేదో చెప్పండి."

ఆ క్లాసులో నాలుగైదు నిమిషాలకోసారి మాస్టారు 'మారండి' అనాలి. జోడీలు విడిపోయి ఒక్కొక్కరూ పక్కవాళ్ల దగ్గరికి జరుగుతారు. ఎవరైనా మిగిలిపోతే మాస్టారే వాళ్లకు జోడీ అవుతారు. అందరితో వేస్తేనే డాన్స్ వస్తుంది.

"క్లాసుకొచ్చే ఆ పోస్టుమాను జోడీ దొరక్క గంటసేపూ గోడకి ఆనుకుని నిలబడుతున్నాడు. గోడ చూడ్డానికైతే ఇంట్లో లేదా అత్తయ్యా అతనికి? ఇప్పటికి సగంమంది మానేశారు."

"మారమంటే మిగిలినవాళ్లు నా దగ్గరికొస్తారు" అన్నారు ఆవిడ, టమాటాల ధర చెబుతున్నంత మామూలుగా. "ఇంకొకరి చెయ్యి పట్టుకోవడం నా వల్ల కాదు."

కోడలు బట్టల బుట్ట అందుకుని పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మామయ్య నాకు నడిపేవాళ్ల అడుగులు నేర్పారు. ఆదివారాలు మీరు మార్కెట్టుకి వెళ్లినప్పుడు."

"ఎందుకూ?"

"భుజం పట్టేస్తోందన్నారు. ఎన్నాళ్లు చెయ్యెత్తగలనో తెలీదు, మీ అత్తయ్య జోడీ లేకుండా నిలబడకూడదు అన్నారు. మీకు చెప్పొద్దన్నారు."

"ముప్పై ఏళ్లు ఆ చెయ్యి పట్టుకుని తిరిగినదాన్ని. నాకు చెప్పలేదు, నీకు చెప్పారా?" నాలుగు నెలల్లో ఆవిడ గొంతు మొదటిసారి పెరిగింది. "దొంగచాటుగా నేర్చుకుని ఇప్పుడు ఆయన చోట్లో నిలబడతానని వచ్చావా?"

కోడలు భోజనాల బల్లను గోడవైపు తోసింది. ఎడమచెయ్యి చాపింది. "ఒక్కసారి వేసి చూడండి. నచ్చకపోతే నేనే వెళ్లి తాళాలు ఇచ్చొస్తా."

ఆవిడ బల్ల మీద వస్తువు పెట్టినట్టు తన చెయ్యి ఆ చేతిలో పెట్టారు. పాట లేదు. కోడలు లెక్క చెబుతోంది. ఒకటి, రెండుకి వెనకడుగు. మూడు, నాలుగుకి చెయ్యి పైకి లేచింది. ఆవిడ దాని కింద తిరిగారు. తిప్పిన చెయ్యి ఆరుకల్లా దిగాలి. రెప్పపాటు ఆలస్యంగా దిగింది.

మళ్లీ వేశారు. మళ్లీ అంతే ఆలస్యం.

మూడోసారి ఆవిడ కాళ్లు ఆ ఆలస్యానికి ముందే ఆగి ఎదురుచూశాయి. పెళ్లయిన కొత్త నుంచీ ఆయన చేసే తప్పది. విద్యార్థుల ముందే ఆవిడ ఎన్నోసార్లు కేకలేశారు. ఆయన నవ్వేసి మళ్లీ అలాగే వేసేవారు.

"ఆరుకి ఆలస్యంగా వస్తున్నావు" అన్నారు.

"మామయ్య ఇలాగే నేర్పారు."

"తప్పు నేర్పారు. ఎప్పుడూ తప్పే..."

 ఆవిడ కోడలి భుజం మీద తల వాల్చి, నాలుగు నెలల ఏడుపూ ఏడ్చారు. కోడలు లెక్క ఆపింది గాని చెయ్యి వదల్లేదు.

చాలాసేపటికి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"క్లాసులో ఇలా వేస్తే ఊరుకోను. సాయంత్రం గంట ముందు పద, సరిచేస్తా."

"అలాగే అత్తయ్యా."

కోడలు బల్ల జరపడానికి వంగింది. ఆవిడ ఆ చెయ్యి వెనక్కి లాగి పట్టుకున్నారు.

"ఉండు. ఇంకొక్కసారి అలాగే వెయ్యి."